పేర్లు తీసేసిన ప్రార్థనాంశం

నారాయణమ్మ బైబిలు స్త్రీ, సంఘం తరఫున ఇంటింటికీ తిరిగి బైబిలు చదివి వినిపించే మనిషి. ఆ పేరేమిటి, ఆ పనేమిటి అని నవ్వేవాళ్ళు ముప్ఫై ఏళ్ళుగా నవ్వుతూనే ఉన్నారు. బాప్తిస్మం రోజున అప్పటి పాస్టరు అయ్యగారు పేరు మార్చుకుంటావా అని అడిగితే, మా అమ్మ పెట్టిన పేరిది, దేవుడికి అభ్యంతరమైతే ఆయన్నే చెప్పమనండి అన్నదట. అప్పటికి ఆవిడకి పందొమ్మిదేళ్ళు, ఇప్పుడు యాభై ఎనిమిది. ఇన్నేళ్ళలో ఆ నోరు పెరిగిందే గాని తగ్గలేదు.

పుట్టి పెరిగింది కోటబొమ్మాళి నుంచి భావనపాడు వైపు పోయే దారిలో, జీడిపాలవలస పేటలో. ఊరి రైతుల మళ్ళలో ఊడ్పులకీ కోతలకీ వెళ్తూ, మధ్యాహ్నం పూట గట్టు మీద ఒక ముసలి బైబిలు స్త్రీ దగ్గర అక్షరాలు దిద్దింది. మొగుడు పోయిన ఏడాదే ఆ ముసలావిడ కూడా పోయింది. ఆవిడ సంచీ నారాయణమ్మ భుజానికెక్కింది. అప్పటి నుంచి చుట్టుపక్కల ఊళ్ళన్నీ కాలినడకే. జ్వరం వచ్చిన ఇంట్లో ప్రార్థన చేస్తుంది. పురిటింట్లో గంజి కాచి పెడుతుంది. పింఛను కాగితాలు రాసి పెడుతుంది. మొగుడు కొట్టాడని తెలిస్తే ఆ ఇంటికి వెళ్ళి, ప్రార్థన తర్వాత చూసుకోవచ్చులే అని, ముందు ఆ మొగుణ్ణి నాలుగు దులుపుతుంది. చావు ఇంట్లో మాత్రం అన్నిటికంటే ముందుంటుంది. మట్టి వేసేదాకా కదలదు.

కరోనా రోజుల్లో ప్రార్థన గుళ్ళకి తాళాలు పడినప్పుడు ఫోనులో ఒక వీడియో కూటం మొదలైంది. రోగం పోయింది గాని కూటం పోలేదు. ప్రతి శనివారం సాయంత్రం నాలుగింటికి, న్యాయ సహవాసం అని పేరు. విశాఖపట్నంలో ఉండే విజయ్‌కుమార్ అయ్యగారు నడిపిస్తారు. శ్రీకాకుళం, విజయనగరం సంఘాల నుంచి పాస్టర్లు, టీచర్లు, బ్యాంకు ఉద్యోగులు, రిటైరైన నర్సులు, యాభై మందికి తక్కువ కాకుండా చేరతారు. అణగారినవాళ్ళ పక్షాన సంఘం నిలబడాలన్నది ఉద్దేశం. ఉద్దేశానికేం, బంగారంలా ఉంది. ఎక్కడో వెయ్యి కిలోమీటర్ల అవతల అన్యాయం జరిగితే తీర్మానం చేస్తారు, నల్ల రిబ్బను కట్టుకుని ఫొటోలు పెడతారు. అన్యాయం ఎంత దూరంలో ఉంటే వీళ్ళకి అంత ధైర్యం వస్తుంది. పేటలోని గుడి అరుగు మీద స్టూలు వేసి, దాని మీద ఫోను నిలబెట్టి, నారాయణమ్మ పేట జనాన్ని కూర్చోబెట్టుకుని ఇవన్నీ అయిదేళ్ళు శ్రద్ధగా విన్నది.

ఆ కూటానికో పద్ధతి ఉంది. ఎవరికే బాధ ఉన్నా గురువారం లోపు ప్రార్థనాంశంగా రాసి పంపాలి. అయ్యగారు వాటిలోంచి మనుషుల పేర్లూ ఊళ్ళ పేర్లూ తీసేసి శనివారం చదువుతారు. ఎవరి మనసూ నొచ్చుకోకూడదట. దెబ్బ తిన్నవాడి మనసు ఆ లెక్కలోకి రాదు కాబోలు.

ఇంతకీ నారాయణమ్మకి వచ్చిన కష్టం ఒక దారి. పేట నుంచి సమాధుల తోటకి పోవడానికి తాతల నాటి నుంచీ ఒక డొంక ఉంది. పోయిన వేసవిలో ఆ డొంకకి రెండు వైపులా ఉన్న పొలాలు ధనరాజు కొన్నాడు. నరసన్నపేటలో ఎరువుల దుకాణం అతనిది, అక్కడి సంఘంలో పెద్ద, శనివారం కూటంలోనూ ఉంటాడు. పొలాలు తవ్వి రొయ్యల చెరువులు చేశాడు. అంతటితో ఊరుకున్నా బాగుండేది. జనం తిరిగితే రొయ్యలకి జబ్బులొస్తాయని డొంకకి అడ్డంగా ఇనప గేటు పెట్టి తాళం వేశాడు. పోనీ పరాయివాడా అంటే, తాత ఈ పేటవాడే. అతని మామ్మ ఆ తోటలోనే, వేపచెట్టు పక్క సమాధిలో ఉంది.

ఆగస్టులో పేటలో ఒక ముసలావిడ చనిపోతే, గేటు తియ్యనివ్వకపోవడంతో, శవపెట్టెని పక్కనే పారే గెడ్డలోంచి మోశారు. నడుము లోతు నీళ్ళు. మధ్యలో ఒకరి కాలు జారి పెట్టె ఒరిగింది. ఆ పెట్టె మోసిన నలుగురిలో నారాయణమ్మ అన్న దాలయ్య ఒకడు. అప్పటికే కిడ్నీలు పాడై ఆసుపత్రి చుట్టూ తిరుగుతున్న మనిషి, అయినా వద్దన్నా వినకుండా భుజం పెట్టాడు. ఆ తర్వాత మంచం దిగలేదు. చెల్లెలు చూడ్డానికి వెళ్ళినప్పుడల్లా ఒకటే మాట.

"నన్ను గెడ్డలోంచి మొయ్యకండే నారాయణమ్మా. ఆ దినం పెట్టెలోకి నీళ్ళొచ్చీసినాయి. నాను సూసినాను."

ఆవిడ మాట ఇచ్చింది. ఇచ్చిన మాట కోసం ధనరాజు దుకాణానికి వెళ్ళింది. అతను కుర్చీ వేసి, మజ్జిగ తెప్పించి, ప్రార్థనలో పెడదాం తల్లీ అన్నాడు. మండలాఫీసుకి వెళ్ళి అర్జీ ఇచ్చింది. మీరూ మీరూ ఒక గుడివాళ్ళే కదా, మీలో మీరు తేల్చుకోండి అన్నారు. మిగిలింది శనివారం కూటం. న్యాయం కోసమే పెట్టుకున్న కూటంలో న్యాయం దొరక్కపోతుందా అనుకుంది పిచ్చి తల్లి. ఊరు, పేరు, సర్వే నంబరుతో సహా రాసి పంపింది. శనివారం అయ్యగారు చదివారు: ఉత్తరాంధ్రలోని ఒక గ్రామంలో సమాధుల స్థలం విషయమై ఒక సహోదరికి ఉన్న భారం నిమిత్తం. అంతే. పైవారం మళ్ళీ పంపితే మళ్ళీ అదే చదివారు, ఆ తర్వాత ప్రతి వారమూ అంతే. ఆ సహోదరి ఎవరో, ఆ భారమేమిటో ఒక్కరూ అడగలేదు. అందరూ కళ్ళు మూసుకున్నారు, ఆమేన్ అన్నారు, తర్వాతి అంశానికి పోయారు.

ఎనిమిదో వారం జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ పేటవాళ్ళకి ఒళ్ళు మండుతుంది. ఏ అంశానికి ఎవరు ప్రార్థన చెయ్యాలో వంతుల జాబితా ఒకటి ఉంటుంది. ఆ వారం ఈ అంశానికి వంతు ధనరాజుది. చేశాడు. గొంతు వణికించి, కన్నీళ్ళు పెట్టుకుని చేశాడు. ఆ సహోదరి కన్నీటిని చూడు ప్రభువా, మూతపడిన దారులు తెరువు ప్రభువా అని వేడుకున్నాడు. పేరు లేకపోతే గేటు ఎవరిదో దేవుడికి కూడా తెలియదనుకున్నాడేమో. అరుగు మీద కూర్చున్న ముసలివాళ్ళు, ఎవరు చేస్తున్నారో చూడకుండా, భక్తిగా ఆమేన్ అనేశారు. నారాయణమ్మ ఫోను లాక్కుని, ఆ గేటు ఎవరిదంటే, అన్నదో లేదో అయ్యగారు మ్యూట్ చేసేశారు. తర్వాత ఆయనే ఫోను చేసి, పేరు పెట్టి మాట్లాడితే సహవాసం చెదిరిపోతుందమ్మా, ఆత్మలో ఓర్చుకో అని బుద్ధి చెప్పారు. ఓర్చుకోవడం గురించి బైబిలు స్త్రీకే పాఠం. ఆవిడ పళ్ళు కొరుక్కుని ఫోను పెట్టేసింది.

పదకొండో వారం శుక్రవారం పొద్దున దాలయ్య పోయాడు. శనివారం నాలుగింటికి సమాధి అనుకున్నారు. సరిగ్గా ఆ శనివారమే కూటంలో ప్రారంభ ప్రార్థన నారాయణమ్మ వంతు. అయ్యగారు సంతాపం పంపి, వంతు వేరేవాళ్ళకి మార్చమంటావా అని అడిగారు. వద్దు, నా వంతు నేనే చేస్తాను అని జవాబు పెట్టింది.

నాలుగింటికి పెట్టె డొంక మీదికి వచ్చింది. గెడ్డ వైపు తిరగబోయిన వాళ్ళని ఆపి, గేటు ముందు దింపమంది. కాపలావాడు అప్పలసూరి తాళంచెవి గుప్పెట్లో పట్టుకుని తల వంచుకు నిలబడ్డాడు. తియ్యమని అతనికి ఎవరూ చెప్పలేదు. నారాయణమ్మ ఫోను తెరిచి, తన మొహం కాకుండా పెట్టె, దాని వెనక గేటు కనిపించేలా పట్టుకుంది. ప్రార్థించుదము అని అయ్యగారు అనగానే ఫోను తెర మీద యాభై మూడు గళ్ళలో తలలు వంగాయి. కళ్ళు మూసుకున్నారు గనక ఎవరికీ ఏమీ కనపడలేదు.

"ప్రభువా, నాను నారాయణమ్మని. జీడిపాలవలస డొంక మీద నిలబడి నీతోటి మాటాడతన్నాను. ఇక్కడ పెట్టెలో మా అన్న దాలయ్య ఉన్నాడు. ముందర గేటు ఉన్నాది. ఎవులి పేరూ సెప్పొద్దని పదకొండు వారాల్నించి నాకు సెప్తన్నారు. మనుసులకి సెప్పొద్దన్నారు గాని నీకు సెప్పొద్దని ఎవులూ అన్నేదు. గేటు ధనరాజు గారిది. నరసన్నపేట సంఘపెద్ద ధనరాజు గారిది. ఇప్పుడు ఈ కూటంలోనే కళ్ళు మూసుకోని ఉన్నాడు."

అయ్యగారి వేలు మ్యూట్ మీదికి వెళ్ళే ఉంటుంది. కానీ వీళ్ళలో ఒక కట్టుబాటు ఉంది. మాటకి అడ్డు తగలొచ్చు, సాక్ష్యానికి టైము అయిపోయిందనొచ్చు. ప్రార్థన మధ్యలో మాత్రం ఎవరూ ఎవరి నోరూ ముయ్యరు. ఆమేన్ పడేదాకా అది దేవుడితో మాట. అందులోనూ అన్న శవం పక్కన నిలబడి చేస్తున్న మనిషి. ఆ వేలు నొక్కలేకపోయింది.

"సర్వే నంబరు నూట డెబ్బై రెండు. రికార్డులో అది డొంక. ఆయన మామ్మ కూడా గేటవతలే ఉన్నాది, ఆయమ్మకీ దారి నేదు. మూసిన దారి తెరువని నిన్ను ఏడుసుకుంటా అడిగినాడు కదా ప్రభువా, తాళంసెయ్యి ఆయన కాడే ఉన్నాదని ఆయనకి సెప్పు. ఈ గేటు తీసీవరకూ నాను ఆమేన్ అనను."

అని ఊరుకుంది. నిమిషం గడిచింది. రెండు నిమిషాలు. ప్రార్థన ముగియలేదు గనక తల ఎత్తడానికి లేదు, ఎత్తకుండా ఉండడానికీ లేదు. ఒక్కొక్క గడిలో ఒక్కొక్క కన్ను తెరుచుకుంది. అప్పటికి చూశారు పెట్టెని. ఒక నర్సమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. కాసేపటికి ధనరాజు గడి నల్లబడి, మాయమైంది.

అప్పలసూరి జేబులో ఫోను మోగింది. విని, తాళం తీశాడు.

"ఈ ఒక్క దినానికి తియ్యమన్నారమ్మా. మట్టి ఎయ్యడం అయిపోనాక మళ్ళీ తాళం ఎట్టెయ్యమన్నారు."

నారాయణమ్మ పెట్టె లేపమంది. భుజాలు మార్చుకుంటూ జనం లోపలికి వెళ్ళారు. ఆవిడ వెళ్ళలేదు. గేటు రెక్కలు రెండూ కలిసే చోట నేల మీద చతికిలబడింది. పేటలో ప్రతి సమాధి దగ్గరా గుప్పెడు మట్టి వేసిన మనిషి. తోడబుట్టినవాడి మీద వెయ్యడానికి లేచి నాలుగడుగులు వేస్తే, వెనక గేటు మూసేసి, తిరిగొచ్చేవాళ్ళకి ఒక రెక్క ఓరగా తీసి వెంటనే తాళం వేసేస్తారు. ఆ సంగతి ఆవిడకి తెలుసు, అప్పలసూరికీ తెలుసు. అల్లంత దూరాన పాట మొదలైంది. ఆవిడ చీర చెంగు పళ్ళ మధ్య కరిచిపట్టుకుని ఏడిచింది. దుఃఖం కంటే కోపమే ఎక్కువ ఆ ఏడుపులో. అన్నని సాగనంపనివ్వనివాణ్ణి ఏ ప్రార్థనతోనూ ఈ జన్మకి క్షమించలేననుకుంది. అనుకున్నందుకు ఆవిడకి భయం కూడా వెయ్యలేదు.

ఫోనులో విజయ్‌కుమార్ అయ్యగారు గొంతు సవరించుకున్నారు. టైము అయిదు కావస్తోందనీ, ప్రార్థన ముగిస్తే ఈ వారం తీర్మానం చదువుకుందామనీ నెమ్మదిగా అన్నారు. ఆ తీర్మానం ఏదో దూరపు రాష్ట్రం సంగతి. నారాయణమ్మ ఆమేన్ అనకుండా ఫోనుని తోట వైపు తిప్పింది.

అప్పుడు అనూరాధ మాట్లాడింది. విజయనగరంలో ప్లీడరు, అయిదేళ్ళుగా ఈ కూటంలో రాజ్యాంగం గురించి చక్కగా ఉపన్యాసాలిచ్చే మనిషి.

"నారాయణమ్మ గారూ, ఆ సర్వే నంబరు మళ్ళీ ఒకసారి చెప్పండి. రాసుకుంటాను."

"మా అన్న బతికుండగా అడగవలసిన నంబరమ్మా అది," అంది నారాయణమ్మ. "నూట డెబ్బై రెండు. రాసుకున్నాక సదువు, అందర్నీ ఇననీ."

అనూరాధ చదివింది. ఊరి పేరు, నంబరు, డొంక, గేటు, ధనరాజు పేరు, దాలయ్య పేరు. కళ్ళు మూసుకోకుండా చదివింది. అయ్యగారు అడ్డు చెప్పలేదు. సోమవారం పొద్దున తనే వస్తానంది అనూరాధ, మండలాఫీసుకి కలిసి వెళ్దామంది. ఆలోగా గేటు మళ్ళీ వేసేస్తే ఎలాగని అడగబోయి ఆగిపోయింది.

తోటలోంచి జనం పారలు భుజాన వేసుకుని తిరిగి వస్తున్నారు. అందరూ దాటాక అప్పలసూరి తాళం చేతిలో పట్టుకుని వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. లెగమ్మా, నా ఉద్యోగం పోతాది అన్నాడు మెల్లగా.

"ప్రార్థన ఇంకా అవ్వనేదు నాయినా," అంది నారాయణమ్మ. లేవలేదు.