తొలికాయ తమ్ముడికే

మేడ మీద సాయంత్రం నీళ్ళు పోస్తే, పగలంతా కాగిన మట్టి నుంచి ఒక వాసన లేస్తుంది. మే నెల ఈ కత్తిరి ఎండల్లో టి. నగర్ ఫ్లాట్ల మీద ఏం బతుకుతుందిలే అనుకుంటూనే, పిల్లల పోరు పడలేక ఐదు సంచుల్లో మట్టి నింపి నక్కదోస విత్తనాలు వేశాను. తీగ పాకింది, పసుపు పూలు పూసింది, చిటికెనవేలంత పిందెలు వేసింది. మూడేళ్ళ నా కొడుకు రోజూ వాటి ముందు గొంతుక్కూర్చుని "ఇవాళ తినేద్దామా?" అని అడుగుతాడు. నేను "రేపు" అంటాను. పిల్లలకి సువాసనగా తోచే ఆ తడిమట్టి వాసన తగలగానే నేను పిట్టగోడ వైపు జరిగి నిలబడతాను.

నేను పెరిగింది ఇదే ఊరి శివారు అంబత్తూరులో. ఇంటి వెనక ఫ్యాక్టరీ షెడ్లు, వాటికీ మా వంటింటికీ మధ్య మా అవ్వ పెరడు. పెద్ద పరీక్షలు అయిపోయేసరికి పందిరి మీద బీర, గోడ వెంట సొర, బావిగట్టు చుట్టూ టమాటా, వంగ, ఇక మిగిలిన నేలంతా నక్కదోస తీగలే. మధ్యాహ్నం వడియాల మీద కాకులు వాలకుండా కాపలా కాస్తూ, ఉప్పూకారం అద్దిన దోసముక్కలు నములుతూ, షెడ్లలో రేకు కొట్టే చప్పుడు వింటూ, వేసవి ఎప్పటికీ అయిపోదనుకునేదాన్ని.

అవ్వకి ఒక నియమం ఉండేది. ఏ తీగ కాసినా తొలికాయ ఇంట్లో అందరికంటే చిన్నబిడ్డకే. కోసి, కొంగుతో తుడిచి, చేదుందేమోనని చివర కొరికి ఉమ్మేసి, తమ్ముడి నోటికి అందించేది. అప్పటికి నాకు ఎనిమిదేళ్ళు, వాడికి మూడు. నేను అలిగితే నవ్వేది.

"ఏందిమే ఆ మూతి? చిన్నబిడ్డ తింటేనే తీగ మళ్ళా కాస్తాది. నీ వంతూ వస్తాదిలే, ఉండు."

బావి నీళ్ళు మేం తాగేవాళ్ళం కాదు. ఎండలు ముదిరి నీరు అడుగంటితే వాటి మీద రంగురంగుల తెట్టు తేలేది, తుప్పు వాసన వచ్చేది. తాగడానికీ వంటకీ లారీ నీళ్ళు బిందెలతో పట్టుకునేవాళ్ళం. చెట్లకి మాత్రం బావి నీళ్ళే. నాయన ఒకసారి, "ఆ నీళ్ళు పోస్తే ఆ చెడు కాయల్లోకి రాదామ్మా?" అని అడిగాడు.

"మట్టి వడకట్టి ఇస్తాదిరా," అంది అవ్వ. "కాలవ పక్కన కొబ్బరిచెట్టు ఉంటాది. బోండాంలో మురుగు తాగతా ఉండామా?"

నాయన బొక్కెన అందుకుని చెట్లకి నీళ్ళు తోడాడు. పైగా బజారు కూరలకి మందులు కొడతారని అవ్వకి భయం. అందుకని బజారువి పెద్దవాళ్ళకి, పెరటివి ముందుగా తమ్ముడికి. కాపు తగ్గిపోయిన రోజుల్లో ఉన్నవన్నీ వాడికే.

మరుసటి వేసవికి వాడు పాలిపోయాడు. కడుపు పట్టుకుని ఏడ్చేవాడు, ఆడుతూ ఆడుతూనే గడప మీద నిద్రపోయేవాడు. డాక్టరు వేలితో వాడి కింది రెప్ప లాగి చూసి, ఏం తింటాడని అడిగితే, అమ్మ కొంచెం గర్వంగానే చెప్పింది. "అంతా ఇంట్లో కాసిందే డాక్టర్. బయటిది నోట్లో పెట్టనీము." ఆయన మంచిదన్నాడు. ఇంటికి రాగానే అవ్వ ఇంకో రెండు కాయలు ఎక్కువ తినిపించింది. కిడ్నీలు పోయాయని తెలిసేసరికి ఆలస్యమైపోయింది. వేసవి దాటి ఆడి మాసం వచ్చేదాకా వాడు బతకలేదు.

కొన్ని నెలలకి ఎవరో వచ్చి మా వీధి బావుల నీళ్ళు సీసాల్లో పట్టుకెళ్ళారు, తర్వాత వచ్చి ఆ నీళ్ళు దేనికీ వాడొద్దని చెప్పి పోయారు. మా వాడు పోయింది దానివల్లేనని ఎవరూ అనలేదు, కాదని కూడా అనలేదు. ఆ సాయంత్రం అవ్వ ఒక్కతే తీగలన్నీ పీకి గోడ అవతల పారేసింది. ఆ తర్వాత తను పోయేదాకా ఆమె తన చేత్తో ఎవరికీ తినేది ఏదీ పెట్టలేదు. కంచం ముందు కూర్చున్నవాళ్ళు నీళ్ళడిగినా అమ్మని పిలిచేది.

నా పిల్లలకి ఈ పెరటి కథ సగమే చెప్పాను. పందిరి, పూలు, కాకులు, తొలికాయ తమ్ముడికి. అక్కడ ఆపేసి దీపం ఆర్పేదాన్ని. మా ఫ్లాట్ల బోరునీళ్ళు సీసాలో పట్టి పరీక్షకి ఇచ్చి, ఆ రిపోర్టు కాగితం కోసమే "రేపు, రేపు" అంటూ వచ్చాను.

నిన్న మేడెక్కితే, పిందెల్లో ముందుగా ఎదిగిన పెద్ద కాయ కనిపించలేదు. ఏడేళ్ళ నా కూతుర్ని పిలిచాను.

"ఈడుండే కాయ ఏమైంది?"

"తంబికి ఇచ్చేసినా మా. పొద్దున్నే."

"ఎవరిమ్మన్నారే నిన్ను?"

"నువ్వే కదా చెప్పినావు, ఫస్టు చిన్నోడికే ఇవ్వాలని? నాకూ తినాలనే ఉండింది మా. అయినా వాడికే ఇచ్చేసినా."

మెచ్చుకుంటానేమోనని నా మొహంలోకి చూసింది.

అంబత్తూరు ఇల్లు ఇప్పుడు లేదు. బావి పూడ్చి, దాని మీద కార్లు నిలుపుతున్నారు. అవ్వ పోయింది. ఏ భయమూ లేకుండా బిడ్డ నోటికి కాయ అందించడం మా ఇంట్లో ఆమెతోనే పోయింది. నీళ్ళలో దోషమేమీ లేదని ఈ ఉదయం కాగితం వచ్చింది. రెండుసార్లు చదివాను. చదివి, మావాణ్ణి కిటికీ వెలుతురులోకి తీసుకెళ్ళి, వేలితో కింది రెప్ప లాగి లోపలి ఎరుపు చూశాను. వాడికి అదొక ఆట అనిపించింది. కిలకిల నవ్వి, తన వంతుగా నా రెప్ప కిందికి లాగి చూశాడు.