మామయ్య ఎడమ కాలు

మా మామయ్యకు తన ఎడమ కాలంటే మహా గర్వం. మనుషులు చదువు చూసుకునో, అందం చూసుకునో, ఆస్తి చూసుకునో మురిసిపోతారు. ఆయనకు అవేవీ పట్టవు. సొంత కుడి కాలిని కూడా లెక్కచేసేవాడు కాదు. "యాక్సిలరేటర్ తొక్కడానికి ఏ కాలైతేనేమే? తొక్కడం గాడిదకీ వచ్చు. క్లచ్ వదలడం మాత్రం మనిషికే వస్తుంది, అదీ అందరికీ రాదు" అనేవాడు.

ఓసారి కుడి కాలి బొటనవేలికి రాయి కొట్టుకుని గోరు ఊడిపోయింది. అమ్మ లబలబలాడుతూ పసుపు తెచ్చింది. మామయ్య మాత్రం నింపాదిగా, "పోనీలే అక్కా, కుడిదే కదా" అన్నాడు. కొత్త బూట్లు కొంటే ముందు ఎడమ బూటు అడుగును కత్తితో పల్చగా చెక్కించేవాడు. అడుగు మందంగా ఉంటే క్లచ్ చెప్పే మాట కాలికి వినపడదట.

ఆయనతో బస్సెక్కడం ఒక శిక్ష. డ్రైవర్ గేరు మార్చినప్పుడల్లా ఈయన ఎడమ కాలు బస్సు నేలను తొక్కేది. "వదులు... మెల్లిగా... చంపేశాడు!" అని పళ్లు నూరేవాడు. ముందు సీట్లోవాళ్లు భయంగా వెనక్కి తిరిగి చూసేవారు. నేను కిటికీలోంచి, ఈయనెవరో నాకు తెలియనట్టు, బయటికి చూసేదాన్ని.

మామయ్య పని కట్టుడు పళ్లు చేయడం. మా వీధుల్లో పెద్దవాళ్ల నవ్వుల్లో సగం ఆయన చేతి పనే. మైనంలో పన్ను అమరుస్తూ కూర్చున్నవాడు, వీధిలో ఏ లారీ అయినా గేరు గరగరలాడిస్తే చేతిలో పని ఆపేసేవాడు. "గేర్‌బాక్స్ పళ్లు రాలగొట్టుకుంటున్నాడు వెధవ. వాటికి నేను కూడా కట్టుడు పళ్లు పెట్టలేను" అని నిట్టూర్చేవాడు.

పెళ్లీ పెటాకులూ లేకుండా కూడబెట్టిందంతా పోసి, ఒకరోజు ఎర్రటి స్పోర్ట్స్ కారు కొనుక్కొచ్చాడు. సెకండ్‌హ్యాండ్‌ది. రెండే సీట్లు. ఎక్కడమంటే నేలమీద కూర్చోవడమే, దిగాలంటే ఎవరైనా చెయ్యి అందించాలి. షోరూంవాళ్లు దానికి ఎక్స్‌టెండెడ్ వారంటీ అంటగట్టారు. "ఇంజినూ గేర్‌బాక్సూ క్లచ్చూ అన్నీ వస్తాయి సార్" అంటే, "క్లచ్ తీసేసి మిగతావాటికివ్వండి. నా కాలి కింద క్లచ్ పోదు" అని అరగంట పోట్లాడాడు. అలా విడగొట్టి ఇవ్వడం కుదరదన్నారు. తనకు అవమానం జరిగిందనుకుంటూనే సంతకం పెట్టాడు.

ఆ కారు డ్రైవర్ సీట్లో ఇంకొకరు కూర్చోవడానికి వీల్లేదు. ఓసారి గేటుకు అడ్డంగా ఉందని నాన్న దాన్ని కాస్త పక్కకు పెట్టబోతే, మామయ్య సబ్బు నురుగు మొహంతోనే పరుగెత్తుకొచ్చాడు. "బావగారూ, ఏమీ అనుకోకండి. మీది స్కూటర్ కాలు" అన్నాడు. నాన్న ఏమీ అనుకోకుండా వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు.

అదే రోజుల్లో అమ్మకు ఒక అవకాశం వచ్చింది. ఆమె రక్తపరీక్షల ల్యాబులో పనిచేసేది. బ్రాంచిలన్నీ తిరిగి చూసే పెద్ద ఉద్యోగం ఇస్తామన్నారు, ఆఫీసు కారు తనే నడుపుకోవాలన్నారు. అమ్మ అప్పటికే రెండుసార్లు డ్రైవింగ్ టెస్టు తప్పింది. ఈ నెలాఖరుకు లైసెన్సు రాకపోతే ఆ ఉద్యోగం ఇంకొకరికి పోతుంది. నాన్న ఆమె బాధ తెలియనట్టు, "మీ అమ్మ బండి తీసే రోజు ముందుగా చెప్పవే, మన ప్రహరీగోడ లోపలికి జరిపిస్తాను" అని నవ్వేవాడు. అమ్మ కూడా నవ్వేది గానీ, ఆ తర్వాత ఇంట్లో డ్రైవింగ్ మాటెత్తడం మానేసింది.

దాని బదులు తెల్లవారుజామున నడకకు వెళ్లడం మొదలుపెట్టింది. వచ్చేటప్పటికి చెమట ఉండేది కాదు, మాడు వాసన వచ్చేది.

"ఏంటమ్మా ఈ కంపు?"

"దారిలో ఎవరో చెత్త తగలబెడుతున్నారే."

"రోజూనా?"

"చెత్త రోజూ ఉండదా మరి!" అని కసురుకుని స్నానానికి వెళ్లిపోయేది.

అలా ఉండగా ఒకనాడు నాలుగు రోడ్ల కూడలిలో మామయ్య కారు ఆగిపోయింది. ఇంజిన్ పులిలా అరుస్తోంది, కారు మాత్రం అంగుళం కదలదు. నీళ్ల ట్యాంకరు డ్రైవరూ, ఇంకో ఇద్దరూ కలిసి పక్కకు తోశారు. "క్లచ్ కాల్చేశారు సార్" అన్నాడు ట్యాంకరు డ్రైవర్ జాలిగా. మామయ్య అక్కడే నిలబడి చాలాసేపు తన ఎడమ కాలి వంక చూసుకున్నాడు.

షోరూంలో సర్వీస్ అడ్వైజర్ టై సర్దుకుని చల్లగా చెప్పాడు.

"క్లచ్ ప్లేటు వాడకంలో అరిగేది సార్. పార్టులో లోపముంటేనే వారంటీ వస్తుంది. ఇది డ్రైవింగ్ వల్ల పోయింది."

"ఎవరి డ్రైవింగ్?"

"అంటే... కొంతమందికి క్లచ్ మీద కాలు ఆనించి నడిపే అలవాటుంటుంది కదా సార్."

మామయ్యను నానా మాటలూ అన్నా ఊరుకునేవాడు. ఈ మాటకు మాత్రం కుర్చీలోంచి లేచాడు. "వారంటీ కంపెనీ ఇన్‌స్పెక్టర్ని పిలిపించు. ఆయన ముందు తేలుస్తా. డబ్బు సంగతి తర్వాత, ముందు నా కాలికి క్షమాపణ చెప్పాలి నువ్వు!"

ఇన్‌స్పెక్టర్ వచ్చే రోజున నన్నూ అమ్మనూ సాక్ష్యానికి లాక్కెళ్లాడు. "రేపు నాకు టెస్టుందిరా" అని అమ్మ గింజుకుంది. "అందుకే రమ్మంటున్నా. మంచి డ్రైవింగ్ చూస్తే ధైర్యమొస్తుంది" అన్నాడు.

ఇన్‌స్పెక్టర్ బక్కపల్చటి మనిషి. లోకంలో అందరూ అబద్ధాలాడేవాళ్లేనని తేల్చుకున్న మొహం. మామయ్య ఆయన చేతిలో నిండు టీ గ్లాసు పెట్టి, వర్క్‌షాపువాళ్ల డొక్కు కారులో పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఎత్తు ర్యాంపు మధ్యలో ఆపడం, మళ్లీ కదిలించడం. ఇంకోసారి ఆపడం, కదిలించడం. మెకానిక్కులందరూ పని మానేసి చూశారు. ఇన్‌స్పెక్టర్ దిగేటప్పటికి తెల్లచొక్కా మీద టీ చుక్క పడలేదు. దిగిన తర్వాత ఆ టీ తాగేసి, "ఇరవై ఏళ్ల సర్వీసులో ఇలాంటి కాలు చూడలేదండీ" అన్నాడు.

మామయ్య మా వైపు తిరిగి, విన్నారా అన్నట్టు కనుబొమలెగరేశాడు.

అప్పుడే మెకానిక్ విప్పిన క్లచ్ ప్లేటు తెచ్చి బల్లమీద పెట్టాడు. నల్లగా మాడిపోయి ఉంది. ఆ వాసన ముక్కుకు తగలగానే గుర్తుపట్టాను. అది మా అమ్మ ఉదయపు నడక వాసన! అమ్మ నడవడం లేదు, మామయ్య నిద్ర లేవకముందు ఎర్ర కారు నడుపుతోంది.

"మీ కాలు ఇలా కాల్చదు" అన్నాడు ఇన్‌స్పెక్టర్ ప్లేటును తిప్పి చూస్తూ. "ఇది కొత్తగా నేర్చుకునేవాళ్ల పనిలా ఉంది. నిజం చెప్పండి, ఇంకెవరు నడిపారు?"

అమ్మ ఒక అడుగు ముందుకు వేసింది. పెదవి విప్పబోయింది. ఆ మాట బయటపడితే ఆమె రేపు టెస్టుకు కాదు కదా, జన్మలో స్టీరింగ్ జోలికే వెళ్లదని నాకు తెలుసు.

"ఎవరూ లేరండీ" అన్నాడు మామయ్య, అమ్మ వైపు ఒక్క చూపు చూసి, గట్టిగా. "నేనే."

"మరి ఇందాక ర్యాంపు మీద..."

"ఎవరైనా చూస్తుంటే అలా నడుపుతాను. ఒక్కణ్నే ఉన్నప్పుడు క్లచ్ మీదే కాలేసుక్కూచుంటా. పాడు అలవాటు. నా కాలు మంచిది కాదు, రాసేసుకోండి."

"రాస్తే క్లెయిమ్ రాదు సార్."

"రాకపోతే పోయింది."

సర్వీస్ అడ్వైజర్ టై మళ్లీ సర్దుకున్నాడు. ఇంటికి బస్సులో వచ్చాం. డ్రైవర్ గేరు మార్చిన ప్రతిసారీ బస్సు ఎగిరెగిరి పడింది. మామయ్య ఎడమ కాలు మాత్రం కదల్లేదు. ఆయన పక్కన కూర్చుని నేను సిగ్గుపడని బస్సు ప్రయాణం అదొక్కటే. ఏడుపు వచ్చింది నాకు.

మర్నాడు అమ్మ టెస్టు పాసైంది. ఆమె వీధి మలుపులోంచే కేకలు పెట్టుకుంటూ వస్తుంటే, నాన్న లేచి వెళ్లి గేటు రెండు రెక్కలూ బార్లా తెరిచాడు. కారు ఆఫీసు నుంచి రావడానికి ఇంకా వారం ఉంది, అయినా తెరిచాడు.

మధ్యాహ్నం ఇన్‌స్పెక్టర్ ఫోన్ చేశాడు. "తప్పు నాదేనని అంత తేలిగ్గా ఒప్పుకున్నవాణ్ని నా జన్మలో చూడలేదు సార్. అనుమానమొచ్చి మిగతా పార్టులు కూడా పరీక్ష చేయించా. క్లచ్ సిలిండర్ సీలులో లోపముంది. ఆయిల్ కారి ప్లేటు మీద పడుతోంది. ఎవరు నడిపినా మాడేదే. క్లెయిమ్ పాస్ చేశాను."

"ఉండండుండండి!" అని మామయ్య స్పీకర్ ఆన్ చేశాడు. "ఇప్పుడు మళ్లీ చెప్పండి. గట్టిగా. కాలిది తప్పు కాదు కదా?"

"కాదండీ."

"ఏ కాలిదీ కాదు కదా?"

"ఏ కాలిదీ కాదు."

ఆ రెండో ప్రశ్న ఎవరి కోసమో అమ్మకు తెలుసు. తల వంచుకుని నవ్వుకుంది. సాయంత్రానికల్లా మామయ్య షోరూంకు వెళ్లి, సర్వీస్ అడ్వైజర్ చేత తన ఎడమ కాలికి క్షమాపణ చెప్పించుకునే వచ్చాడు. బూటు విప్పి మరీ.

చాలా కాలం తర్వాత అమ్మను అడిగాను, ఆ రోజు టెస్టులో భయం వేయలేదా అని. "వాడికి లోకంలో ఉన్న పరువల్లా ఆ కాలేనే. దాన్ని అంతమంది ముందు నా కోసం పారేశాడు. ఇంక నేను ఫెయిలైతే ఏ మొహం పెట్టుకుని ఇంటికి రాను?" అంది.

ఎర్ర కారు ఎప్పుడో వెళ్లిపోయింది. ఇప్పుడు అమ్మ కారుకు క్లచ్చే లేదు, అన్నీ దానంతటవే మారతాయి. అమ్మ నడుపుతుంది, మోకాళ్ల నొప్పులతో మామయ్య పక్కన కూర్చుంటాడు, నేను వెనక. కాలికి ఉద్యోగం పోయిన సంగతి ఆయనకు ఎవరూ గట్టిగా చెప్పలేదు. పల్చటి బూటుతో ఇప్పటికీ నేలను తొక్కుతూనే ఉంటాడు.

మొన్న సిగ్నల్ దగ్గర పచ్చలైటు పడింది. వెనక బళ్లన్నీ హారన్లు మోగిస్తున్నాయి. అమ్మ కదలదే!

"తొక్కావురా?" అని అడిగింది పక్కకు చూసి.

మామయ్య ఎడమ కాలు సర్దుకుని, ఒత్తి, మెల్లిగా వదిలాడు.

"ఆఁ, పోనీ అక్కా."

అప్పుడు పోనిచ్చింది.