ఎంగిలాకుల ఫొటో

మొన్న పంజాగుట్టలో మెట్రో మెట్ల కింద ఎండ చారలు చారలుగా పడి, రోడ్డు మీద జంపఖానా పరిచినట్టుంటే ఆగి ఫోన్‌తో ఫొటో తీస్తున్నాను. పక్కన ఆటో ఆపుకున్న డ్రైవరు మెడ సాచి చూసి, "ఏం దీస్తున్నవమ్మా, ఆడ ఎవ్వరు లేరు గద?" అన్నాడు. లేరనే తీస్తున్నాను నాయనా అన్నాను. ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. మొదట అడిగింది మా అత్తగారు.

ఖైరతాబాదులో టైపిస్టుగా చేరిన కొత్తలో నా జీతంతో నేను కెమెరా కొనుక్కున్నాను. మన రోజుల్లో రీలు పూర్తయితే గాని కడగడానికి ఇచ్చేవాళ్లం కాదు, మీకూ గుర్తుండే ఉంటుంది. పుట్టినరోజులకీ పెళ్లిళ్లకీ పోగా రీల్లో మిగిలినవి నావేనని నాకు నేనే తీర్మానించుకుని, అమీర్‌పేటలో మేం అద్దెకున్న ఇంటి కిటికీ ఊచలు, బోర్లించిన స్టీలు గ్లాసులు, ఎండబెట్టిన వడియాలు, ఆఫీసు వరండాలో ఆరేసిన గొడుగులు, ఏ వరస కంటికి నచ్చితే దాన్ని తీసేసేదాన్ని. ఫొటోలు ఇంటికొచ్చిన రోజున అత్తగారు ఒక్కొక్కటే తిరగేసి, "మనుషులు లేని ఫొటో ఏంటమ్మా, రీలు దండగ!" అనేవారు. వడియాల తరఫున నేనే వాదించేదాన్ని.

అసలు గొడవ మా సొంత ఫ్లాటు గృహప్రవేశం నాడు జరిగింది. మేడ మీద షామియానా వేసి, చాపలు పరిచి, బారుగా అరిటాకులు వేశాం. తిన్నవాళ్లంతా చేతులు కడుక్కోవడానికి లేచాక చూద్దును కదా, మడిచిన ఆకులన్నీ ఒకదాని పక్కన ఒకటి పచ్చగా, ఒద్దికగా ఉన్నాయి. మధ్యలో మామగారిది ఒక్కటే తెరిచి ఉంది, ఆయనకు ఆకు మడవడం ఏనాడూ గుర్తుండదు, దాని అంచున ఆయన ఏరి పెట్టిన కరివేపాకు రెబ్బలు మరో చిన్న వరస. రీల్లో ఒక్క ఫొటోయే మిగిలింది. కొత్త రీలు కొందామన్నా ఆదివారం కావడంతో స్టూడియో మూసి ఉంది. కింద అందరూ గ్రూపు ఫొటోకి తలలు దువ్వుకుంటున్నారని తెలుసు. తెలిసే నొక్కాను.

"శుభమా అని ఇల్లు కొనుక్కుంటే ఎంగిలాకులకు ఫొటోనా!" అని అత్తగారు నెత్తి కొట్టుకున్నారు. కెమెరా బీరువాలో పెట్టి తాళం వేయమన్నారు. నేను మర్నాడే దాన్ని క్యారియర్ సంచిలో పెట్టుకుని ఆఫీసుకు పోయాను. ఇంట్లో కొన్నాళ్లు ఎవరూ నాతో సరిగ్గా మాట్లాడలేదు, బాధపడ్డాను, అయినా క్షమించమని మాత్రం అడగలేదు.

ఇప్పుడు అత్తగారూ మామగారూ లేరు. ఈమధ్య మా ఆడపడుచు వచ్చి ఆ ఫొటో చూసి, కరివేపాకు రెబ్బల మీద వేలు పెట్టి ఏడ్చింది. నాకూ దుఃఖం ఆగలేదు, కాదనను. కానీ, "వదినా, నాన్న ఆకు ఒక్కటీ కత్తిరించి పెద్దది చేయించి ఇవ్వు, ఫ్రేము కట్టించుకుంటాను" అన్నప్పుడు మాత్రం కుదరదన్నాను. కోపం వచ్చి వెళ్లిపోయింది. అప్పుడు మనుషులు లేరని తిట్టారు, ఇప్పుడు మనిషి కనిపించాడని నెత్తిన పెట్టుకుంటున్నారు. ఎవరూ ఏడవకముందు కూడా అది మంచి ఫొటోయే.

ఆ మేడ మీద ఇప్పుడు రేకులు వేసి హాస్టల్ గదులు కట్టారు. మన ఇళ్లలో శుభకార్యాలంటే ప్లేటు పట్టుకుని తలోదిక్కూ నిలబడి తినడమే అయింది. కూర్చునే బంతీ లేదు, లేచాక మిగిలే వరసా లేదు. అందుకే మరీ మొండికేస్తున్నాను. ఆడపడుచుకి ఇస్తే వరసంతా ఇస్తాను, కత్తిరించి ఇవ్వను.