నాన్న తట్టి చూసిన ఆనపకాయ

మా నాన్న రైల్వేలో వేగన్లు చూసే పని చేసి రిటైరైనాడు. సుత్తితో చక్రం మీద ఒక్కటి తడితే చాలు. ఖంగుమంటే మంచిది, బొంగురుగా పలికితే లోపల బీట ఉన్నట్టు. ఇప్పుడు హిజ్లీ స్టేషన్ అవతల పెద్ద తోట వేసినాడు గానీ సుత్తి మాత్రం వదల్లేదు. పనసకాయని తడతాడు, పూలకుండీని తడతాడు. మమ్మల్ని తట్టకపోవడం మా అదృష్టం.

రోహిణి కార్తె పోయేలోగా తోటలో పనులు అన్నీ ఇన్నీ కావు. వానలొచ్చేలోగా కాలవలు తియ్యాలి, ఎండాకులు కాల్చాలి, విత్తనాలు దాచాలి. సాయానికని నేను వెళ్తాను. "సాయమంటే మామిడిపళ్ళు తినడమేటే?" అని అమ్మ వెటకారం.

పోయినేడు అమ్మ విత్తనానికి ఒకే ఒక్క ఆనపకాయ ఉంచింది. పెళ్ళికి వాళ్ళమ్మ శ్రీకాకుళం నుంచి కొంగున ముడేసి ఇచ్చిన గింజల సంతతి అది. అమ్మమ్మ పోయింది, అక్కడ ఆ పాదూ పోయింది. ఇంకెక్కడా లేదు.

నాన్న దాన్నీ తట్టినాడు. ఎండిన ఆనపకాయ ఖంగుమంటుందా? బొంగురుగా పలికి, గలగలమంది. "లోపల ఏటో ఊడిపోనాది, ఇది డేమేజీ" అని తీర్పు చెప్పి, కోసి ఎండాకుల కుప్పలో పడేసినాడు. అగ్గిపుల్ల గీసింది నేనే.

కాసేపటికి పాదు దగ్గర కాయ కనపడక అమ్మ "ఓలమ్మో!" అని కేకేసింది. నాన్న చెయ్యి కాల్చుకుని మరీ కాయని మంటలోంచి లాగినాడు. సగం బొగ్గే.

"ఎన్ని మంచి వేగన్లు ఇలాగే తుక్కు చేయించినారండీ?" అంది అమ్మ. నవ్వలేదు.

నాన్న సైకిలెక్కి గోల్‌బజార్ నుంచి రకరకాల విత్తనాల పొట్లాలు తెచ్చినాడు. అమ్మ వాటికేసి చూడలేదు. "కూర కోసం కాదండీ. మా అమ్మ చేతివి అవే మిగిలినాయి" అంది. నాకు ఏడుపొచ్చేసింది.

కాలని వైపు గింజలు ఏరి నీళ్ళలో వేస్తే నాలుగే మునిగినాయి, తేలినవన్నీ తాలు. నాలుగూ నాన్న చేతిలో పెట్టి "మీరే పాతండి" అంది అమ్మ. అప్పట్నుంచి ఆయన పొద్దున్నే టీ కూడా తాగకుండా ఆ మట్టి దగ్గరే కూర్చునేవాడు.

ఎనిమిదోనాడు "ఓలే, రాయే!" అని అరిచినాడు. ఒక్కటి మొలిచింది. అమ్మ అక్కడే చతికిలబడి "వచ్చినావా అమ్మా!" అని భోరుమంది.

నాన్న పక్కన కూలబడి "తప్పయిపోనాదే" అన్నాడు. ఆయన నోట ఆ మాట వినడం మాకదే మొదలు.