గ్యాస్ కటింగ్ అద్దంలోంచి గ్రహణం

మా అమ్మకు ఒక కన్నే మిగిలింది. ఎడమ కన్ను నీటికాసులతో పోయింది. కుడి కంటికి శుక్లం తీసి అద్దం పెట్టారు. ఆ కంటితోనే పేపరు చదువుతుంది, సూదిలో దారం ఎక్కిస్తుంది. కొన్నేళ్ళ కిందట చలికాలంలో సూర్యగ్రహణం వస్తోందని తెలిసి, ఈసారి తాను చూడాల్సిందేనంది.

"ఎనభై దాటినాయి. గ్రహణమంటే తలుపులేసుకుని కూకోడమే గానీ ఎలగుంటాదో ఎప్పుడూ సూడ్నేదు."

నిజమే. మా ఇంటి ఆడవాళ్ళు గ్రహణం చూసేవాళ్ళు కారు. ఒకప్పుడు మాది దివాణం. ఆ భూములూ లోగిలీ మా తాత హయాంలోనే పోయాయి. ఆయన శ్రీకాకుళం వైపు నుంచి ఖరగ్‌పూర్ వచ్చి రైల్వే వర్క్‌షాపులో చేరాడు. కట్టుబాట్లు మాత్రం వెంట వచ్చాయి. గుమ్మంలోకి వచ్చి ఎవరేమిచ్చినా ముఖం మీద కాదనకూడదు. మనంతట మనం ఎవరినీ ఏదీ అడగకూడదు. ఇప్పటికీ మాకు అదే పద్ధతి.

నేనూ ఆ వర్క్‌షాపులోనే వెల్డింగ్ సూపర్‌వైజరుగా పనిచేసి రిటైరయ్యాను. సర్వీసులో ఒక్క వెల్డింగ్ అద్దం ముక్క కూడా ఇంటికి తేలేదు. అందుకని గ్రహణం కళ్ళజోడు కోసం ముందురోజు మలంచా రోడ్డంతా తిరిగాను. పూరీ గేట్ దగ్గర దుకాణంవాడు "శేష్ హొయే గెఛే, దాదా" అని చేతులు తిప్పాడు. అన్నీ అమ్ముడైపోయాయట.

పళ్ళెంలో పసుపు నీళ్ళు పోసి అందులో చూస్తానంది అమ్మ. నీళ్ళలో మెరిసేదీ అదే ఎండ, వద్దన్నాను.

గ్రహణం పట్టే వేళకు అమ్మ బయట కుర్చీ వేసుకుని కూర్చుంటే ఎదురింటావిడ వచ్చింది. ఆమె భర్త మా వర్క్‌షాపులోనే గ్యాస్ కట్టరుగా చేసి, రిటైరయ్యాక పోయాడు. ఆయన ఆకుపచ్చ అద్దాల గాగుల్స్‌ను చీర చెంగుతో తుడుస్తూ వాకిట్లోకి తెచ్చింది. మా సందులో సగం ఇళ్ళలో అలాంటివి ఉంటాయి. ముదురు, లేత తేడా లేకుండా అన్నిటినీ వెల్డింగ్ అద్దమనే అంటారు.

"పెద్దమ్మా, మా ఆయన కళ్ళజోడు. జీవితమంతా నిప్పు ముందర కూకున్నాడు, కంటికేటీ కానేదు. ముందల నువ్వు సూడు."

అమ్మ రెండు చేతులా అందుకుంది. పెట్టుకోబోతుంటే నేను తీసేసుకున్నాను.

"వద్దమ్మా."

ఎదురింటావిడ ముఖం మాడింది. "ఏటి బాబూ? మా ఇంటి వస్తువు మీ యమ్మకి అంటకూడదా? దివాణం ఎప్పుడో పోనాది గానీ దర్పం పోనేదు."

"ఒరే, ఇచ్చినప్పుడు పుచ్చుకోవాలి. దాని మనసు నొప్పించకు," అంది అమ్మ.

అలాంటి మాటలకు జవాబివ్వడం నాకు అలవాటు లేదు. లోపలికి వెళ్ళిపోతాను. కాని నేను వెళ్తే ఆ గాగుల్స్ అమ్మ కంటికి చేరతాయి. కంటి లోపలి పొర కాలితే నొప్పి తెలియదు. గంటలు గడిచాక చూపు మధ్యలో మచ్చ కనిపిస్తుంది. అమ్మకు రెండో కన్ను లేదు.

గాగుల్స్ ఎదురింటావిడకే ఇచ్చాను. "మీరు పెట్టుకోండి. సూర్యుడి వైపు కాదు, మా డాబా వైపు చూడండి. ఏం కనిపిస్తోంది?"

"ఏటి కనబడదు? అన్నీ కనబడతన్నాయి. నీళ్ళ టాంకీ, జామసెట్టు, దండెం మీద మీ పంచి." గాగుల్స్ ముక్కు మీద సర్దుకుంది. "పంచికి సిరుగు కూడా కనబడతంది బాబూ. జానెడుంది."

సందులో నిలబడ్డవాళ్ళు నవ్వారు. చిరుగు లోపలికి వచ్చేలా మడిచే ఆరేస్తాను. గాలికి తిరిగినట్టుంది.

"సూర్యుణ్ణి చూసే అద్దంలోంచి సూర్యుడు తప్ప మరేదీ కనిపించకూడదు," అన్నాను. "నా పంచె చిరుగు కనిపించిందంటే ఆ అద్దం చాలదు."

నవ్వు ఆగింది. ఎదురింటావిడ గాగుల్స్ తీసి చేతిలో తిప్పి చూసింది. "మరి మా ఆయన కళ్ళెలగ బాగున్నాయి?"

"ఆయన చూసింది ఇనుము కోసే మంటని. ఆ పనికి ఇది మంచి అద్దమే. సూర్యుడికి పద్నాలుగో నంబరంత ముదురు అద్దం కావాలి, ఇది అందులో సగం కూడా కాదు."

అమ్మ ఇంకా కుర్చీలోనే కూర్చుని ఉంది. తన మానాన ఎండకేసి తలెత్తుతుందేమోనని భయం వేసింది.

"మీ ఇంట్లో బూందీ గరిటె ఉందా? ఒకసారి ఇస్తారా?" అని అడిగాను.

"ఏటీ, మీరడుగుతున్నారా?" అంటూ ఆవిడ పరుగున వెళ్ళి తెచ్చింది.

అమ్మ కుర్చీని గోడ వైపు తిప్పాను. సూర్యుడికి వీపు పెట్టి నిలబడి, గరిటెను భుజం మీదుగా పైకెత్తాను. చిల్లుల్లోంచి పడ్డ వెలుగు సున్నం గోడ మీద చుక్కలు చుక్కలుగా పరుచుకుంది. ప్రతి చుక్కా ఒక పక్క కొరికినట్టుంది.

"ఇవన్నీ సూరీళ్ళేనా?" అంది అమ్మ. లేచి ఒకదాని మీద వేలు పెట్టింది. అది ఆమె గోటి మీదికి పాకింది.

"ఎంతసేపైనా సూడు పెద్దమ్మా, గోడే కదా," అంది ఎదురింటావిడ. నా చెయ్యి నొప్పెట్టినప్పుడు గరిటె ఆవిడ పట్టుకుంది.

మర్నాడు పొద్దున అమ్మ ఆ పంచె తెమ్మంది. వాకిట్లో వెలుతురుకు కూర్చుని, దారం కొస నోట తడిపి సూదిని కుడి కంటికి దగ్గరగా పట్టుకుంది. రెండుసార్లు తప్పింది. నేను సాయం చేస్తాననలేదు, పక్కనే నిలబడ్డాను. మూడోసారికి దారం ఎక్కింది.