తుపాకీకి కొబ్బరి నూనె

ఆ రోజుల్లో ఐర్లండులో తెలుగువాళ్ళు ఎక్కడో ఒకరు, ఇంకెక్కడో ఒకరు ఉండేవారు. అందుకని మన పండగ ఏ రోజున వచ్చిందో తేల్చే బాధ్యత దేశం మొత్తం తరఫున నామీదే ఉన్నట్టు నేను మసలుకునేదాన్ని. ఇప్పుడు డబ్లిన్ శివార్లలో, బ్లాంచర్డ్స్‌టౌన్‌లో మా అమ్మాయి ఇంటి చుట్టూ ఎటు చూసినా మనవాళ్ళే. పండగకు వారం ముందే ఫోన్లు మోగుతాయి, తిథి సంగతి నన్నడిగే నాథుడే లేడు. అప్పుడు మాత్రం గోడకు పంచాంగం, దాని ముందు నేను. (అక్కడి సూర్యోదయానికి సరిపోయేలా తిథులను నేనే లెక్కగట్టి దిద్దుకునేదాన్ని. ఆ దిద్దుబాటు వల్ల లాభపడినవాళ్ళు ఎవరూ లేరు.)

నేనప్పుడు ఒక చిన్న ఊరి ఆస్పత్రిలో జూనియర్ డాక్టర్ని. మా ఆయనకు డబ్లిన్‌లో, బోమాంట్ ఆస్పత్రిలో ఉద్యోగం. శనివారం బస్సులో వచ్చి ఆదివారం బస్సులో వెళ్ళిపోయేవారు. నేను అద్దెకున్నది ఒక ముసలి దంపతుల ఇంట్లో. ఇంటాయనకు ఒక తుపాకీ ఉండేది. పాయింట్ టూటూ, అంటే సన్న గుళ్ళది, సెమీ ఆటోమేటిక్, ఆయన మావగారి కాలం నాటిది. నడుము దగ్గర సగం తిప్పితే రెండు ముక్కలై చిన్న తోలుపెట్టెలో పడుకునేది. భుజానికానించే కర్రపిడిలో ఒక చిల్లు, గుళ్ళను అందులోంచి ఒక్కొక్కటిగా జారవిడవాలి. ఒక గుండు పేలగానే ఆ దెబ్బకే బోల్టు వెనక్కి వెళ్ళి, ఖాళీ తొడుగును బయటికి విసిరి, ఇంకో గుండును నోట కరుచుకుని ముందుకొచ్చేది. మనం చేయాల్సిందల్లా మీట నొక్కడమే. ఇంటాయన దాన్ని తుడుస్తున్నంతసేపూ ఇంటావిడ ఆయనతో మాట్లాడేది కాదు, అది తుడవడం అయ్యాకే అన్నం అన్నంత నిష్ఠ ఆయనది.

అసలు చిక్కు ఏమిటంటే, ఆ మావగారు పోయేముందు తుపాకీని అల్లుడికిచ్చి, గురి చూసుకోవడానికి దానికోసమే చేయించిన దుర్భిణిని కొడుక్కిచ్చాడు. పిల్లనగ్రోవి అంత సన్నటి ఉక్కు గొట్టం, రెండు చివర్లా అద్దాలు. ఇంకే తుపాకీకీ అది బిగదు. ఇంటావిడ తమ్ముడు, అంటే ఇంటాయన బావమరిది, దాన్ని చుట్టల డబ్బాలో పెట్టి దాచుకున్నాడు. ఏళ్ళ తరబడి "నీ తుపాకీ నాకియ్యి" అని ఒకరు, "నీ గొట్టం నాకియ్యి" అని ఒకరు. చివరికి ఆ ఏడు ఇద్దరూ విసిగిపోయి ఒక ఒప్పందానికొచ్చారు. అక్టోబరులో ఊరి గన్ క్లబ్బు పోటీలో ఎవరు ఓడితే వాళ్ళు తమ దగ్గరున్నది రెండోవాళ్ళకు ఇచ్చేయాలి.

"ఆయన కళ్ళు మసకబారుతున్నాయి, డాక్టర్. ఆ దుర్భిణి లేకపోతే వచ్చే ఏటికి గురి సంగతి దేవుడెరుగు, దాని వెనకున్న మట్టిగట్టే కనపడదు. తుపాకీ కూడా పోతే ఇక ఇంట్లో కూర్చుని నా వంటకు వంకలు పెడతాడు" అంది ఇంటావిడ, కేటిల్ కింద పెట్టి.

పోటీ ఆదివారం. మహానవమి దానికి ముందురోజు, శనివారం. (మా ఆయన ఈ కథ చెప్పినప్పుడల్లా పూజ జరిగింది విజయదశమి నాడు అంటారు. తప్పు.) నేను మధ్యాహ్నం డ్యూటీ నుంచి వచ్చి స్టెతస్కోపుకూ బీపీ మిషనుకూ బొట్లు పెట్టి వంటింటి బల్ల మీద పూజ చేసుకుంటుంటే ఇంటాయన వచ్చి నిలబడ్డాడు.

"ఇదేమిటి?"

"మనకు అన్నం పెట్టే పనిముట్లకు ఏడాదికోసారి దండం పెట్టుకుంటామండీ. పూర్వం ఆయుధాలకు పెట్టేవాళ్ళు."

ఆయన వెళ్ళి తోలుపెట్టె తెచ్చి స్టెతస్కోపు పక్కన పెట్టాడు. "రేపటికి నాకు ఎంత సాయం దొరికితే అంత గ్రాండ్" అన్నాడు.

పసుపు, కుంకుమ, రెండు పూలు. అంతటితో ఆగినా బాగుండేది. పెట్టెలో బొటనవేలంత ఇత్తడి నూనెబుడ్డి ఉంది. ఆయన దాన్ని విదిలించి చూస్తే చుక్క లేదు, శనివారం మధ్యాహ్నం కావడంతో కొట్టు మూసేశారు. నేను గబగబా మేడమీదకెళ్ళి హాట్ ప్రెస్‌లోంచి నా సీసా తెచ్చాను. హాట్ ప్రెస్ అంటే వేడినీళ్ళ ట్యాంకు ఉండే అలమర, అక్కడివాళ్ళు తువ్వాళ్ళు ఆరబెట్టుకుంటారు. నేను తలకు రాసుకునే కొబ్బరి నూనె అందులోనే పెట్టేదాన్ని. ఎందుకు పెట్టేదాన్నో ఆ క్షణంలో ఒక్కసారి ఆలోచించుకుని ఉంటే ఈ కథ లేదు. ఇంటాయన వేలికి రాసుకుని, వాసన చూసి, "నీళ్ళలా జారుతోంది, మా నూనెకన్నా నయం" అని మురిసిపోయి బోల్టుకు దండిగా పట్టించాడు.

మర్నాడు పొద్దున గడ్డి మీద మంచు. కొండవాలు మీద రేకుల షెడ్డు, ఎదురుగా మట్టిగట్టు, గట్టు ముందు వరసగా రేకుబిళ్ళలు. రెఫరీ ఈల వేసిన దగ్గర్నుంచి మళ్ళీ వేసేలోపు ఎన్ని పడగొడితే అన్ని. బావమరిది ముందుగా కాల్చి, మంచి సంఖ్యే తెచ్చుకుని, టోపీ సర్దుకున్నాడు. తర్వాత ఇంటాయన. ఈల పడింది, మొదటి బిళ్ళ పడింది. అంతే. బోల్టు సగం దూరం వెళ్ళి నిద్రపోయింది. చేత్తో లాగాడు, కాల్చాడు, మళ్ళీ నిద్ర.

మా ఆయన నావైపు వంగారు. "నిన్న ఆ తుపాకీకి నువ్వేమైనా చేశావా?"

"పూజ చేశానండీ."

"పూజకు బోల్ట్ జామ్ అవదు. ఇంకా?"

"నూనె ఇచ్చాను. పోసుకున్నది ఆయనే."

"ఏ ఆయిల్?"

"మన నూనె."

మా ఆయన కళ్ళు మూసుకున్నారు. "ఇక్కడ టెంపరేచర్ ఎంత ఉంటుందంటావు?"

కొబ్బరి నూనె ఇరవై నాలుగు డిగ్రీల దగ్గర గడ్డకడుతుందని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదాన్ని నేను. లేచి రెఫరీని ఆపమన్నాను. తుపాకీ మొరాయిస్తే బాగుచేసుకోవడానికి ఒక్కసారి అవకాశం ఇస్తారట. కానీ అప్పటిదాకా గడిచిన సమయం గడిచినట్టే. విషయం చెప్పగానే ఇంటాయన తుపాకీని సగం తిప్పి రెండు ముక్కలు చేసి, గుళ్ళు తీసేసి, బోల్టున్న ముక్కతో కారు దగ్గరకు పరుగెత్తాడు. ఇంటావిడ ఇంజను ఆన్ చేసి, హీటరు గాలికి దాన్ని పసిపిల్లను ఎత్తుకున్నట్టు పట్టుకుని కూర్చుంది.

రెండో ఈల పడ్డాక తుపాకీ పాడిందనే చెప్పాలి. బిళ్ళ తర్వాత బిళ్ళ ఆగకుండా పడింది. పేలినప్పుడల్లా షెడ్డంతా కొబ్బరి లౌజు మాడిన వాసన. పక్క వరసలో ఒకాయన "ఎవరైనా బిస్కట్లు కాలుస్తున్నారా" అని అడిగాడు కూడా. కానీ మిగిలింది కొద్ది సమయమే. ఇంటాయన ఒక్క బిళ్ళ తేడాతో ఓడిపోయాడు.

నేను ఊరుకోలేదు. రెఫరీ దగ్గరకెళ్ళి, వేడెక్కాక ఇంతసేపట్లో ఇన్ని పడ్డాయి కాబట్టి మొత్తం సమయంలో ఎన్ని పడేవో త్రైరాశికం వేసి చూపించాను. ఆయన ఓపిగ్గా విని, "లెక్క చక్కగా ఉంది డాక్టర్, కానీ బిళ్ళలు లెక్కకు పడవు, గుళ్ళకు పడతాయి" అన్నాడు. "ఇక రావే బాబూ" అని మా ఆయన నా కోటు పట్టి లాగారు.

ఆ సాయంత్రం బావమరిది చుట్టల డబ్బాతో వచ్చాడు. ఇంటాయన తోలుపెట్టెను బల్లమీద ఆయనవైపు తోశాడు. బావమరిది తుపాకీ బయటికి తీసి, దుర్భిణి బిగించి, కిటికీలోంచి ఒకసారి చూసి, దాన్ని ఇంటాయన చేతిలో పెట్టాడు. ఇంటాయన చాలాసేపు కన్ను తీయలేదు.

"గార్డ్స్ దగ్గర లైసెన్సు నా పేరుకు మారేదాకా ఇది నీ ఇంట్లోనే ఉండాలి, చట్టం" అన్నాడు బావమరిది. గార్డ్స్ అంటే అక్కడి పోలీసులు.

"దుర్భిణి తీసుకెళ్ళు."

"బిగించాక విప్పితే గురి పోతుంది. ఉండనీ. మధ్యమధ్యలో కాలుస్తూ ఉండు, తుప్పు పట్టకుండా."

"స్టేషనుకు ఎప్పుడు వెళ్తావు?"

"వెళ్తాలే, వచ్చేవారం."

పెండింగు పని అంటే నాకు ఒళ్ళు మంట. "రేపే వెళ్దాం రండి, నాకూ అటే పని" అన్నాను. బల్ల కింద ఇంటావిడ కాలు నా కాలిని గట్టిగా తొక్కింది. "ఫర్వాలేదండీ, దెబ్బ తగల్లేదు" అని అందరికీ వినపడేలా చెప్పాను.

ఆ తర్వాత ప్రతి ఆదివారం బావమరిది టీకి వచ్చేవాడు, నేను ప్రతి ఆదివారం గుర్తుచేసేదాన్ని. సార్జెంటుకు జలుబు అనేవాడు, ఆవు ఈనింది అనేవాడు. లోపల గదిలోంచి ఇంటాయన దుర్భిణి తుడుస్తూ ఈల వేసేవాడు. ఇంత బద్ధకస్తుణ్ణి ఎక్కడా చూడలేదని మా ఆయనతో అన్నాను. ఆయన పేపరు పేజీ తిప్పారు.

నాకు డబ్లిన్ బదిలీ అయిన రోజు ముగ్గురూ గుమ్మందాకా వచ్చారు. "నేను లేకపోతే మీకు గుర్తుచేసేవాళ్ళు ఉండరు. ఈ వారంలో తప్పకుండా పూర్తిచేసుకోండి" అని బావమరిదికి గట్టిగా చెప్పాను. ఆయన టోపీ తీసి గుండెకు ఆనించుకుని, "మీ మాట కాదంటానా డాక్టర్" అన్నాడు. ఇంటాయన ఎందుకో దగ్గాడు. ఒక పని చివరికి ఒడ్డుకు చేర్చానన్న తృప్తితో అప్పటి నేనైన ఆ అమ్మాయి బస్సు సీట్లో నిటారుగా కూర్చుంది, డబ్లిన్ దాకా అలాగే.