కనకమామిడి దగ్గర తెగిన టేపు

ఫిబ్రవరి మొదటి ఆదివారం, మధ్యాహ్నం. చిన్న మంగళారంలో మా అన్న తోట ఇల్లు. ఉన్నవారు: అన్న, వదిన, మా పెద్దసారు కూతురు, ఆమె భర్త, నేను.

డైరీలో ప్రతి పేజీనీ ఇలాగే మొదలుపెట్టడం ఉద్యోగంలో చేరిన నాటి నుంచి నా అలవాటు. ఆనాటి పేజీలో మాత్రం దీని కింద 'టేపు తెగింది' అని తప్ప ఇంకేమీ లేదు. అప్పుడు రాయలేనిది ఇప్పుడు రాస్తున్నాను.

పెద్దసారు అంటే హైదరాబాదులో నా మొదటి ఉద్యోగంలో నాకు పని నేర్పిన మనిషి. గోదావరి వైపువారు, నెమ్మదస్తులు. మా ఆఫీసులో అప్పట్లో బీరువా అంత ఉన్న కంప్యూటరు ఒకటి ఉండేది, గది నిండా ఉండేవాటి కంటే చిన్నదని దాన్ని మినీ అనేవారు. అందులోకి సమాచారం ఎక్కించడానికీ దించడానికీ పాటల క్యాసెట్టు లాంటి క్యాసెట్టే వాడేవాళ్లం. అయితే ఆ టేపును ఎప్పుడు ముందుకు తిప్పాలో, ఎప్పుడు వెనక్కి తిప్పాలో, ఎక్కడ ఆపాలో కంప్యూటరుకు తనంత తానుగా తెలియదు. ఆ రెండింటి మధ్యా ఉండి చెప్పే చిన్న ప్రోగ్రామును డ్రైవర్ అంటారు. దాన్ని సారు రాస్తుంటే పక్కన కూర్చుని చూసిన భాగ్యం నాది.

మొదట్లో టేపులు ఊరికే తెగిపోయేవి. చుట్టుకుపోయిన క్యాసెట్టులో పెన్సిలు పెట్టి తిప్పిన మన తరం వారికి ఆ బాధ వేరే చెప్పనక్కరలేదు. సారు ఒక రోజంతా ఆ చక్రాలనే చూస్తూ కూర్చుని, బావిలోకి బిందె జారుతుండగా తాడు వెనక్కి గుంజితే ఏమవుతుంది, కాస్త ఆగాలి కదా, అన్నారు. ఆగమని చెప్పే వీలు ఆ మిషనులో లేదు. అందుకని టేపు దిశ మారే ప్రతిచోటా, కంప్యూటరు ఏ పనీ చేయకుండా ఊరికే అంకెలు లెక్కపెట్టుకునేలా రాశారు. ఆ లెక్క పూర్తయ్యేలోగా చక్రాలు నిలిచేవి. టేపు తెగడం మానింది. అలా ఎందుకు రాశారో పక్కన ఒక్క ముక్క కూడా పెట్టలేదు. ఎందుకుందో మనిద్దరికీ తెలుసుగా, అన్నారు.

సారు పోయిన తరువాత ఆయన ఇంటి బీరువాలో ఒకే ఒక్క క్యాసెట్టు దొరికింది. దాని మీద ఆయన చేతిరాతతో 'పని చేస్తోంది' అని మాత్రం ఉంది. లోపల ఏముందో చూడాలని ఆయన కూతురు పట్టుబట్టింది. ఆమె సాఫ్ట్‌వేరు ఉద్యోగి, గండిపేటలో ఉంటుంది. ఏదో కాలేజీ మూలగదిలో పడి ఉన్న అలాంటి మిషనునే సంపాదించింది గాని, వాళ్ల ఫ్లాటు లిఫ్టులో అది పట్టలేదు. చేవెళ్ల నుంచి నేను ఫోను చేస్తే, మా అన్న తన తోటలో పూల బుట్టలు పెట్టుకునే గది ఖాళీ చేయించాడు. నా దగ్గర దాచుకున్న డ్రైవర్ అచ్చు కాగితాలు ఆమెకిచ్చాను. భార్యాభర్తలిద్దరూ సెలవు రోజుల్లో కూర్చుని దాన్ని మళ్లీ ఎక్కించారు.

ఆ ఆదివారం సారు కూతురు క్యాసెట్టు పెట్టి మీట నొక్కింది. ఇన్నేళ్ల తరువాత ఆ చక్రాలు మళ్లీ తిరిగాయి. టేపు కొంత దూరం పోయి, ఒకచోట చదవలేక వెనక్కి వచ్చి, వెంటనే మళ్లీ ముందుకు దూకింది. టప్పుమంది.

"ఏంది గా సప్పుడు?" అన్నాడు అన్న.

తెగిన కొస ఒకటి తిరుగుతున్న చక్రంతో పాటు కొట్టుకుంటోంది. మిషను ఆపాలన్న ధ్యాస కూడా ఎవరికీ రాలేదు. చివరికి వదినే స్విచ్చి తీసేసింది.

దిశ మారేచోట లెక్క ఏమైందమ్మా అని అడిగాను.

"అదేం పని చెయ్యట్లేదు కదా బాబాయ్, ఊరికే టైం తింటోందని తీసేశాం," అంది. నా ముఖం చూసి ఆమెకు అర్థమైపోయింది. "నాన్నది ఇదొక్కటే ఉంది," అని మాత్రం అని కుర్చీలో కూలబడింది. టేపు తెగినందుకు ఎంత నివ్వెరపోయానో, తీసేశామన్న జవాబుకు అంతకంటే ఎక్కువ నివ్వెరపోయాను. ఆమెను ఏమనగలను? తెలిసిన ఇద్దరిలో ఒకరు లేరు, రెండో వాణ్ణి ఎవరూ అడగలేదు.

పాటల క్యాసెట్టు తెగితే ఇంట్లో ఏం చేసేవాళ్లమో గుర్తొచ్చి, వదినను గోళ్ల రంగు ఉందా అని అడిగాను.

"మిషన్‌కు గోర్ల రంగేస్తవా? పెండ్లికి గిట్ల పోతదా?" అన్నాడు అన్న. వదిన అప్పటికే మనవరాలి సీసా తెచ్చేసింది. క్యాసెట్టు మరలు విప్పి, కొసలు బ్లేడుతో సరిచేసి, రంగుతో అతికించి, ఆరబెట్టాను. సారు కూతురు మాత్రం ఇక తిప్పనే వద్దంది. మళ్లీ తెగితే తట్టుకోలేను, డబ్బాలో భద్రంగా దాచుకుంటానంది.

"డబ్బాల వెట్టి ఏం జేస్తవ్ బిడ్డా? మీ బాపు పని చేస్తున్నదని రాసిండు గదా. చేస్తదో లేదో సూడు," అంది వదిన.

సారు కూతురు మిషను ముందుకు జరిగి, తీసేసిన లెక్కను మళ్లీ ఎక్కించింది. ఈసారి దాని పక్కన, ఎందుకుందో కూడా రాసింది.

తెల్లవారి అందరం మళ్లీ ఆ గదిలో చేరాం. టేపు కదిలి అతుకు దగ్గరికి వచ్చింది. చదవలేక ఆగింది. నిదానంగా వెనక్కి వెళ్లి, ఆగి, ముందుకు వచ్చింది. మూడుసార్లు అడిగి, ఇవ్వకపోతే దండం పెట్టి ముందుకు పోవాలని సారు పెట్టిన నియమం ప్రకారం, మూడోసారి తరువాత ఆ ముక్కను వదిలి సాగిపోయింది. అచ్చు మిషను టకటకమంటూ వరసకొక పేరు కొట్టింది. మెహిదీపట్నం. లంగర్‌హౌజ్. అజీజ్‌నగర్. హిమాయత్‌నగర్. మొయినాబాద్. ఒక ఖాళీ వరస. ముడిమ్యాల గేటు. చేవెళ్ల.

"ఇవేం పేర్లు బాబాయ్?"

"మన బస్సు గదరా ఇది," అన్నాడు అన్న. "కనకమామిడి ఏడికి పోయింది? ఆపలేదా ఏంది?"

పూల బుట్ట బోర్లించి కూర్చున్నాను. డ్రైవర్‌ను పరీక్షించడానికి ఏవో మాటలు కావాలని, రోజూ నువ్వొచ్చే దారిలో బస్సు ఆగే ఊర్లు చెప్పవయ్యా అని సారు అడిగి టైపు చేసుకున్న సంగతి నేను పూర్తిగా మరిచిపోయాను. ఏ డైరీలోనూ రాసుకోలేదు. ఒకసారి ఈ ఊర్లన్నీ దాటుకుంటూ మీ ఇంటికి వస్తాను అనేవారు. రానేలేదు. ఆయన కూతురేమో వారం వారం అదే రోడ్డున వచ్చిపోతోంది, ఆ పేర్లలో సగం ఆమెకు కొత్త. కారుకు తోట గేటు ఎక్కడుందో ఫోను చెబుతుంది, మధ్యలో ఊర్లతో పని లేదు. కండక్టరు కేకకు నిద్ర లేచి దిగిన మాకు అవి పేర్లు కావు, దారి.

సారు కూతురు కాగితం చింపి నా చేతికిస్తే, జేబులోంచి కలం తీసి ఖాళీ వరసలో కనకమామిడి అని రాయబోయాను. ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"వద్దు బాబాయ్. నాన్న రాసింది అక్కడ తెగింది. అలాగే ఉండనివ్వండి," అంది.

కలం మూత పెట్టేశాను.